నదికి జ్వరం చూసే బావగారు

మా బావగారి చేతిలో థర్మామీటరు ఉండగా లోకంలో తడిగా ఉన్నదేదీ ఆయన్నుంచి తప్పించుకోలేదు. బావగారంటే మా వారి అన్నగారు. చేపల శాఖలో ఉద్యోగం. నదిలో నీళ్ళు ఎంత వెచ్చగా ఉన్నాయో కొలవడం ఆయన పని. ఆ పనిని ఆఫీసులోనే వదిలేసి రావాలని ఆయనకెవరూ చెప్పలేదు. మనిచ్చిన టీలో ముంచుతారు, స్నానానికి తోడిన బకెట్లో ముంచుతారు. ఒకరింట్లో పూలకుండీలో కూడా ముంచి, "పాపం, మొక్కకి వేడి చేసిందండీ" అన్నారట.

నదిని ఆయన "ఆవిడ" అంటారు. దాంతో ఒకసారి కొంప మునిగినంత పనయింది. "ఆవిడ ఒళ్ళు నిన్నటికంటే వెచ్చగా ఉంది, సాయంత్రం మళ్ళీ వెళ్ళి చూస్తాను" అని ఫోనులో అంటుంటే, మా అక్క, అంటే ఆయన భార్య, గరిటెతో బయటికొచ్చింది.

"ఎవరండీ ఆవిడ?"

"ఏ ఆవిడ?"

"ఒళ్ళు వెచ్చగా ఉన్నావిడ!"

"ఓ, నది."

"నదికి ఒళ్ళేమిటండీ?"

"ఒళ్ళు లేకపోతే జ్వరం ఎలా వస్తుందే?"

సాయంత్రం ఆయన వెంట ఒడ్డుదాకా వెళ్ళి చూస్తే గానీ అక్క గరిటె దించలేదు.

నేను చెప్పబోయే వేసవికి మా వారు పోయి ఇంకా ఏడాది నిండలేదు. ఆయనకి గాలం వెయ్యడమంటే ప్రాణం. ఆ వేసవిలో గాలాల సంఘంవాళ్ళు ఆయన పేరు మీద పోటీ పెట్టి, నెగ్గినవాళ్ళకి నాచేత కప్పు ఇప్పిస్తామన్నారు. మైకులో ఆయన పేరు వినాలని నాకెంత ఆశగా ఉందో ఎవరికీ చెప్పలేదు. చీర మాత్రం ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను.

పోటీ దగ్గర పడ్డాక బావగారు మొహం వేలాడేసుకుని వచ్చారు.

"అమ్మాయ్, ఆవిడకి జ్వరం."

నీళ్ళు అలా వెచ్చబడ్డప్పుడే చేపల్లో వైరస్ చెలరేగుతుందట. వంతెన కింద అప్పటికే పుళ్ళు పడ్డ చేపలు తేలాయట. ఇక గాలాలు వెయ్యనివ్వకూడదట. గాలాల సంఘానికి పెద్దయిన సైకిల్ షాపాయన బావగారి వెనకాలే పరిగెత్తుకొచ్చాడు.

"పట్టినవి మళ్ళీ వదిలేస్తాం కదండీ!"

"నీకు జ్వరమొచ్చినప్పుడు మూతికి కొక్కెం తగిలించి, పైకి లాగి ఫొటో తీసి, మళ్ళీ మంచం మీద పడేస్తే ఊరుకుంటావా? చేప ఒంటి జిగురు ఊడిందంటే రోగానికి తలుపు తీసినట్టే."

"పోనీ, వేడి కాస్త తగ్గించి రాయండి. ఎవరు చూడొచ్చారు?"

బావగారు ఆయన్ని తినేసేలా చూశారు. తర్వాత నా మొహం చూశారు. "ఉండు, ఇంకోసారి ముంచొస్తాను" అని వెళ్ళిపోయారు. ఎండలో ముంచారు, నీడలో ముంచారు, మోకాళ్ళ దాకా దిగి లోతులో ముంచారు. "కాస్త తగ్గవే తల్లీ అని నీళ్ళని బతిమాలుతున్నారే మనిషి!" అని అక్క వచ్చి చెప్పింది. ఆవిడ జ్వరం తగ్గలేదు. ఆయన గాలాలు బందు చేయించారు. నేను చీర బీరువాలో పెట్టేశాను.

మర్నాడు మైకు బండి మా వీధిలోకొచ్చింది. పోటీ ఉందట, గాలాలే లేవట! ఒక్కొక్కరికీ ఒక థర్మామీటరు ఇస్తారు. ఒడ్డు మీదనుంచే ముంచి, నదిలో అన్నిటికంటే చల్లని చోటు ఎవరు కనిపెడితే వాళ్ళకే కప్పు. చేపలు అక్కడ తలదాచుకుంటాయి కాబట్టి ఆ చోటికి ఎవరూ పోకుండా తాడు కడతారు.

ఆదివారం ఒడ్డు పొడుగునా మగాళ్ళు బోర్లా పడుకుని నదికి జ్వరం చూస్తున్నారు.

"నీదెంత?"

"ఇరవై ఆరు. నీది?"

"నాది ఇంకా ముదిరింది!"

మైకులో మా వారి పేరు మోగుతూనే ఉంది. బావగారు నా చేతిలోనూ ఒక థర్మామీటరు పెట్టారు.

"ఊరికే కూర్చోడమెందుకు? ఆ రాళ్ళవైపు వెళ్ళమ్మా, అక్కడ ఎండ తగలదు."

వెళ్ళి ముంచాను. రాళ్ళ సందులోంచి ఊట వస్తోంది. పంతొమ్మిది! ఇంకెవరికీ అంత తక్కువ రాలేదు.

సైకిల్ షాపాయన నడుం మీద చేతులు వేసుకున్నాడు. "ఏమండీ, ఇన్నేళ్ళుగా ఈ నదిలో ముంచి ముంచి చూస్తున్నారు. చల్లని చోటెక్కడో మీకు తెలీదా?"

"తెలిస్తే పోటీ ఎందుకయ్యా?" అంటూ బావగారు అటు తిరిగారు. అబద్ధమాడే అలవాటు లేని మనిషి. చెవులు ఎర్రగా కందిపోయాయి.

"ఏదండీ ఆ థర్మామీటరు, మీ చెవిలో పెట్టి చూద్దాం!" అంది అక్క.

ఈలోగా మైకులో నన్ను పిలిచారు, కప్పు ఇవ్వడానికి. వెంటనే మళ్ళీ నన్నే పిలిచారు, పుచ్చుకోడానికి. ఎడమచేత్తో ఇస్తే బాగుండదు కదా, కుడిచేత్తో ఇచ్చాను. పుచ్చుకోడానికి ఎడంచెయ్యే మిగిలింది.