బావి గట్టు టీపాట్

ఇన్నేళ్ళలో నా చేతుల్లో పాడైన మట్టి పాత్ర ఒక్కటే. అది పగలను కూడా లేదు.

దోహాలోని అల్ ముంతజాలో, వయసు మళ్ళిన ఒక ఖతరీ మేడమ్ ఇంట్లో పనికి చేరాను. ఆమె భర్త వ్యాపారానికి చైనా పోయినప్పుడల్లా తెచ్చిన మట్టి టీపాట్లు అల్మారా నిండా ఉండేవి. అప్పటికి ఆయన చనిపోయి ఏడాదైంది. ఆయన గుర్తుగా ఆమె ప్రాణం పెట్టుకున్నది వాటి మీదే. వేరే పనివాళ్ళు ఆ అల్మారా ముట్టుకోవడానికే భయపడేవారు. నాకేం భయం? కుమ్మరి ఇంటి ఆడపిల్లకు కుండల గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే.

నేను వాటిని తుడుస్తుంటే ఆమె హిందీలో అరబ్బీ కలిపి, ఏ ఆకారం ఎక్కడి నుంచి పుట్టిందో చెప్పేది. ఇది గుమ్మడికాయను చూసి చేసింది, ఇది వెదురు కణుపును చూసి, ఇది నీళ్ళు ముంచే సొరకాయ బుర్రను చూసి. పొట్టిగా, నిటారుగా ఉన్న ఎర్రదాన్ని మాత్రం ఆమె చెప్పకముందే పోల్చుకున్నాను. అది బావి గట్టు. కడప పల్లెల్లో మా నాయన చేసిన మట్టి ఒరలు దిగని బావి లేదు మరి. ఆమె మురిసిపోయింది. ఆయన రోజూ టీ తాగింది దాంట్లోనేనట.

లోపల చూస్తే ఛీ అనిపించింది. నల్లగా మడ్డి పేరుకుపోయి ఉంది. మట్టికి పట్టిన వాసన సబ్బుతో పోదు, మా ఇంట్లో అయితే మళ్ళీ కాలుస్తాం. మేడమ్ కూతురింటికి వెళ్ళిన రోజు పెరట్లో కబాబుల పొయ్యి రాజేసి, టీపాట్‌ను మెల్లగా వేడెక్కించి నిప్పుల్లో పూడ్చాను. తీస్తే కొత్తదానిలా ఉంది. వెంట్రుకంత బీట లేదు. ఇంకెవరైనా చేసుంటే ముక్కలయ్యేది.

మేడమ్ రాగానే గర్వంగా తెచ్చి చూపించాను. ఆమె మూత తీసి చూసింది. వేడినీళ్ళు పోసి, కాసేపు ఆగి వాసన చూసింది. ఒక గుక్క తాగింది. కప్పు కింద పెట్టేసింది.

ఆ మట్టి టీని తాగి దాచుకుంటుందని, పాతబడితే ఉత్త నీళ్ళకే టీ వాసన వస్తుందని, ముప్పై ఏళ్ళుగా ఆయన దాన్ని కడగనివ్వలేదని అప్పుడు చెప్పింది. కుమ్మరిదాన్నై ఉండి, మట్టి తాగుతుందని మరిచిపోయానా! సిగ్గుతో చచ్చిపోయాను.

"నన్ను ఇంటికి పంపిచ్చేయండి మేడమ్" అన్నాను ఏడుస్తూ.

ఆమె ఇంకో కప్పు తెమ్మంది.

"మళ్ళీ ముప్పై ఏళ్ళు నేను ఉండను," అంది. "కూర్చో. రోజూ ఇద్దరం తాగుదాం."