రష్మి వాళ్ళ మాండరిన్ చేప

దమయంతికి ఇంటి తాళాలిస్తే, తిరిగొచ్చేసరికి ప్రాణమున్నదేదీ మిగలదని అమెరికాలో క్యారీ ఊరి తెలుగువాళ్ళలో ఒక మాట పుట్టింది. రష్మి వాళ్ళు ఇండియా వెళ్ళొచ్చేలోపు వాళ్ళ చేపను ఆవిడ పస్తులుంచి చంపేసిందట. సీరియల్స్ చూస్తూ మేత వెయ్యడమే మరిచిపోయిందట.

దమయంతికి అరవై దాటాయి. ఊళ్ళకు వెళ్ళేవాళ్ళ ఇళ్ళు కనిపెట్టుకొని ఉండటమే ఆవిడ బతుకుతెరువు. పదేళ్ళలో ఎవరింట్లోనూ ఒక్క తులసి మొక్క ఎండలేదు.

రష్మి చేప మాండరిన్. వేలెడంత ఉంటుంది. నీలం ఒంటి మీద నారింజ, ఆకుపచ్చ గీతలు మెలికల ముగ్గులా తిరుగుతాయి. పసిఫిక్ పగడపు దిబ్బల జాతి. పొలుసులుండవు, ఒంటినిండా చేదు జిగురు. పెద్ద చేపలు దాని జోలికి రావు.

మొదటి రోజే దమయంతి చూసింది. పొట్ట లోపలికి పోయింది, వీపు కత్తి అంచులా తేలింది. డబ్బాలోని మేత గుళికలు వేస్తే ముక్కు పక్కనే పడ్డా ముట్టలేదు. అద్దాల తొట్టెలోని రాళ్ళను మాత్రం నోటితో పొడుస్తూనే ఉంది. పొడవడం, ఆగడం, మళ్ళీ పొడవడం.

ఫోన్ చేసింది. "రష్మీ, ఇది తినట్లేదమ్మా. బక్కచిక్కిపోయింది."

"మేం కొత్తింటికి మారాం కదా ఆంటీ, దానికి స్ట్రెస్ అయ్యుంటుంది. రెండు పూటలా వెయ్యండి."

"చేపల షాపు వాళ్ళకి చూపించనా?"

"చేపకి సెకండ్ ఒపీనియనా? మీరు రిలాక్స్ అవ్వండి ఆంటీ!" పక్కన ఎవరో నవ్వారు.

తినని గుళికలు కుళ్ళి నీళ్ళు కంపు కొట్టసాగాయి. మూడో రోజు నుంచి దమయంతి వెయ్యడం మానేసింది. అయిదో రోజు పొద్దున చేప ఇసుకలో పక్కకు ఒరిగి ఉంది. రంగులు అప్పటికే వెలిసిపోయాయి.

రష్మి వచ్చి ముందు మేత డబ్బా మూత తీసింది.

"డబ్బా నిండుగానే ఉంది. ఫీడ్ చేశారా ఆంటీ? నిజం చెప్పండి."

"రెండు రోజులు వేశానమ్మా. తినకపోతే..."

"రెండు రోజులా!" రష్మి తాళాల కోసం చెయ్యి చాచింది.

ఆ వేసవికి మాట్లాడుకున్న మూడిళ్ళ వాళ్ళూ, వేరేవాళ్ళు దొరికారని దమయంతికి మెసేజ్ పెట్టారు. తర్వాత ఫోను మోగలేదు.

మాండరిన్ సాధారణంగా గుళికలు తినదు. పాత రాళ్ళలో పెరిగే, కంటికి సరిగా ఆనని పురుగులను ఏరుకొని బతుకుతుంది. అవి లేకపోతే వారాల తరబడి చిక్కి చస్తుంది. పాత అపార్ట్‌మెంట్ మురికి కొత్తింట్లోకి రాకూడదని, గృహప్రవేశానికి ముందు రోజు రష్మి తొట్టెలోని రాళ్ళన్నిటినీ వేడినీళ్ళతో రుద్ది కడిగించింది. అది దమయంతి చేతికి తాళాలు రావడానికి నెల ముందు.