ఓ నాలుగు అటూ ఇటూ

ఏలూరులో స్టాటిస్టిక్స్ చెప్పే రాజరత్నం మాస్టారి నోట ఒంటరి అంకె ఏనాడూ బయటికి రాలేదు. తోడుగా "అటూ ఇటూ" రావాల్సిందే. భోజనానికి ఎన్నింటికొస్తారని భార్య మరియమ్మ అడిగితే, "ఒంటిగంట, ఓ ముప్పావుగంట అటూ ఇటూ" అంటారు. పాపం ఆవిడ పాతికేళ్లుగా రెండు కావస్తుంటే గానీ పప్పుకి తాలింపు పెట్టదు.

ఒక ఆదివారం పాస్టరు గారు గుడికి ఎంతమంది వచ్చారో చెప్పమన్నారు. నూట ఎనభైకీ రెండు వందల పదికీ మధ్యన్నారు మాస్టారు.

"లెక్కపెట్టలేదాండీ?"

"రెండుసార్లు పెట్టానండీ. అందుకే అనుమానం."

ఈ మహానుభావుణ్ణి ఏటా కొల్లేట్లో పడవ మీద తిప్పేవాడు దేవదానం. పని గూడబాతుల గూళ్లు లెక్కపెట్టడం. ఇద్దరూ ఒకరిది ఒకరు చూడకుండా, అవే చెట్ల మీది గూళ్లు చెరో కాగితం మీద గుర్తుపెట్టాలి. ఎవరు ఎన్ని వదిలేశారో పోల్చిచూస్తే, ఇద్దరికీ కనపడనివెన్నో కూడా తేలుతుందట. కనపడనివాటిని లెక్కకట్టే చదువేమిటో దేవదానానికి అంతుపట్టేది కాదు. కానీ ఆ పదిరోజుల పనంటే ప్రాణం. మిగతా ఏడాదంతా చేపల చెరువుల్లో మేత చల్లే మనిషిని ఊళ్లో "లెక్కల దేవదానం గారు" అంటున్నారంటే ఆ పని పుణ్యమే.

చిక్కల్లా కళ్లతోనే. కొన్నేళ్లుగా దూరపు కొమ్మలు మంచు పట్టినట్టు మసకేస్తున్నాయి. పని పోతుందన్న భయంతో ఆ సంగతి భార్యకి కూడా చెప్పలేదు.

ఈ ఏడు ఈ లెక్కలు చేయించే అటవీశాఖ ఆఫీసు నుంచి హిమజ అనే కొత్త అధికారి పడవెక్కింది. సాయంత్రం కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. మాస్టారివి అరవై మూడు గూళ్లు, దేవదానానివి నలభై ఒకటి. వచ్చే ఏడు చూపు బాగున్నవాళ్లని పెట్టుకుందామండీ అని మెల్లగా అంది.

మాస్టారు తొణకలేదు. "ఈయన నలభై ఒకటిలో అయిదు నాకు కనపడనే లేదమ్మా. ఆకుల చాటున పిల్లల అరుపు విని పట్టుకున్నారు. ఆ అయిదే లేకపోతే, నేనెంత వదిలేస్తున్నానో నాకు తెలిసేదా? అరవై మూడే నిజమనుకుని మురిసిపోదును. ఇప్పుడు చెప్తున్నాను, డెబ్బై రెండు. ఓ నాలుగు అటూ ఇటూ."

పాత నోట్సు తీసి చూపించారు. ఏడాదివారీగా దేవదానం నూటికి ఎన్ని గూళ్లు చూస్తాడో అందులో ఉంది. డెబ్బై ఎనిమిది, డెబ్బై, అరవై నాలుగు, ఈ ఏడు యాభై ఏడు. ఈయన ఎన్ని వదిలేస్తారో మనకి తెలుసు, కొత్తవాళ్లదైతే అది తేలడానికే ఏళ్లు పడుతుందన్నారు. హిమజ చాలాసేపు చూసి, అయితే ఈయనే ఉండాలండీ అని ఒప్పుకుంది.

ఆవిడ జీపెక్కి వెళ్లాక దేవదానం తలొంచుకుని అడిగాడు.

"నా కళ్ల సంగతి మీకు ముందే తెలుసాండీ?"

"నాలుగేళ్లుగా తెలుసండీ. మీరే చెప్తారని చూశాను. ఇక లాభం లేదని ఏలూరులో కంటి డాక్టరు గారితో మాట్లాడాను. మంగళవారం రమ్మన్నారు, నేనూ వస్తాను. శుక్లమైతే తీసేస్తారు. అయితే ఒక చిక్కుందండోయ్. మీ చూపు బాగుపడితే నా పాత లెక్కలు పనికిరావు. మళ్లీ మొదట్నుంచీ మిమ్మల్ని కొలవాలి."

"ఎన్నేళ్లండీ?"

"నాలుగేళ్లు."

దేవదానం తోడు మాట కోసం ఎదురుచూశాడు. అది రాలేదు. పడవ కడుతున్నట్టు అటు తిరిగి, కండువాతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత, మంగళవారం ఎన్నింటికి రావాలని అడిగాడు.

"తొమ్మిదికి. ఓ అరగంట అటూ ఇటూ."

ఎనిమిదిన్నరకే ఆసుపత్రి మెట్ల మీద కూర్చోవాలని దేవదానం అనుకున్నాడు. మాస్టారు తొమ్మిదిన్నరకి గానీ రారని అతనికి నూటికి తొంభై అయిదు పాళ్లు నమ్మకం.