పెట్టెల మేస్త్రి సొరుగులు

ఆమెకు ఆ పేరు పెట్టింది బావగారే, భర్తకు అన్న. పెట్టెల మేస్త్రి. పెట్టి ఊరుకున్నా సరిపోయేది. పదిమంది కూడిన చోటల్లా ఆ పేరు ఎత్తి, అందరినీ నవ్వించి, ఆమె ముఖం ఎలా మాడిపోయిందో చూసి మరీ ఆనందించేవారు.

పేరులో అబద్ధం లేదు, అదే ఆమె మంట. ఆమె ఉద్యోగం మందుల గోదాములో. సీసాలు వచ్చే చెక్కపెట్టెలు ఖాళీ అయ్యాక వెనక గోడవార పడి ఉండేవి. ఒకరోజు ఒక పెట్టెకున్న మేకులు పీకి, నాలుగు పలకలు కాగితంలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. వంటింట్లో గరిటెలు తగిలించడానికి ఒక బద్ద చేసింది. అది గోడ మీద ఒక పక్కకి వాలింది. గరిటెలన్నీ జారి ఒక మూలకే చేరేవి. భర్త దాన్ని కాసేపు చూసి, "బద్ద బాగానే ఉంది, గోడే వంకర," అన్నాడు. పార్సిల్ ఆఫీసులో గుమాస్తా ఆయన. ఎవరినీ నొప్పించని మనిషి. కాబట్టి ఎవరినీ ఎదిరించని మనిషి కూడా.

ఆ తర్వాత పన్నెండేళ్ళుగా బాల్కనీ ఆమెది. బట్టలారేసే తీగ కింద ఒక మొరటు బల్ల, డబ్బాలో ఉలులు, మేకుకు వేలాడే రంపం, చెక్క నునుపు చేసే చిత్రిక ఒకటి. సెలవొస్తే చాలు, ఇంట్లో చెక్కపొట్టు ఎగిరేది, ఆయన తుమ్ముతూ పేపరు పట్టుకుని మెట్ల మీదకు వెళ్ళి కూర్చునేవాడు. చెప్పుల అర చేసింది, పక్కింటి తలుపు సరిచేసింది, కిందింటావిడ బల్లకు కాలు వేసింది. వేళ్ళు కోసుకుంది. అతుకు కుదరని చోట పొట్టు, జిగురు కలిపి కప్పిపుచ్చడం నేర్చుకుంది. ఇంకొన్నేళ్ళకు కప్పిపుచ్చడం మానేయడం నేర్చుకుంది.

అత్తయ్య ఉండేది పెద్దకొడుకు దగ్గర, బావగారింట్లో. మనిషి పొట్టి, మంచం ఎత్తు. ఎక్కాలంటే రోజూ ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. ఆమె ఒకసారి దారం పెట్టి ఆవిడ మోకాలి ఎత్తు కొలుచుకుని వచ్చింది. మూడు నెలలు కూర్చుని, ఒక్క మేకు లేకుండా, అతుకుల మీదే నిలబడే మెట్టుపీట చేసి తీసుకెళ్ళింది. అత్తయ్య దాని మీద కాలు మోపి మంచమెక్కి, కిందికి దిగి, మళ్ళీ ఎక్కింది. "ఇన్నాళ్ళకు నా మంచం నేనే ఎక్కానే," అంది. ఆ మాట ఆమెకు ఏడాది పాటు కడుపు నింపింది.

అప్పుడు జరిగింది ఆ పని. వెళ్ళి చూస్తే మంచం పక్కన పీట లేదు. పెరట్లో సున్నం బకెట్ పక్కన ఉంది, సగానికి కోసిన కాళ్ళతో. బావగారు బడిలో డ్రిల్లు మాస్టారు, ఆయన గొంతు మైదానం అవతలికి వినిపిస్తుంది. ఆరోజు ఇంటి నిండా చుట్టాలు.

"గోడ కింద కూర్చుని రంగు వేయడానికి ఎత్తెక్కువైందమ్మా, కోసేశాను," అన్నారు. "పెట్టె చెక్కేగా. పెట్టెల మేస్త్రికి ఇంకోటి చేయడం ఎంతసేపు?"

అందరూ నవ్వారు. అత్తయ్య గోడవైపు తిరిగి పడుకుంది. భర్త కూడా సగం నవ్వాడు. ఆ సగం నవ్వుకు ఆయన వారం రోజులు ఉప్పు లేని కూర తిన్నాడు. బావగారి వంతు మాత్రం వారంతో తీరేది కాదని ఆమె అప్పుడే అనుకుంది. కోసిన కాళ్ళ చివరలను వేలితో తడిమి చూసింది. రంపం కూడా సరిగ్గా పట్టలేదు, నాలుగూ నాలుగు ఎత్తులు. కోపంలో కూడా ఆ సంగతి ఆమె గమనించకుండా ఉండలేకపోయింది.

మరుసటి ఎండాకాలం బావగారే దొరికారు. బజారులో కొన్న సొరుగుల బీరువా చెక్కపొట్టు అదిమి చేసినదట, కిందటి వానలకు ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయిందట.

"ఎలాగూ చెక్కతో ఆడుకుంటూ ఉంటావుగా," అన్నారు. "మంచి చెక్క కొనిస్తాను. నాలుగు సొరుగులు చేసిపెట్టు."

"అలాగే బావగారూ," అంది ఆమె, ఎంతో వినయంగా. ఆ వినయం చూసి భర్తకు గుండె గుభేలుమంది. బావగారికి ఏమీ కాలేదు.

చెక్క ఎండకు ముడుచుకుంటుంది, తేమకు ఉబ్బుతుంది. సొరుగు చేసేవాళ్ళెవరైనా ఎండాకాలంలో చేస్తే పైన గోరు మందం ఖాళీ వదులుతారు. ఆ ఖాళీ వానాకాలం సొత్తు. ఆమె వదలదలుచుకోలేదు. తొలి వానలకు నాలుగు సొరుగులూ బిగుసుకుపోవాలి. ఆ మనిషి లాగి లాగి ఓడిపోవాలి. పదిమంది ముందు, 'నీవల్లే అవుతుందమ్మా, వచ్చి తియ్యి' అని నోరు తెరిచి అడగాలి. అంతే ఆమెకు కావలసింది.

చెయ్యి మాత్రం అలవాటు మానలేదు. ప్రతి సొరుగు పక్కపలక మీద, పై అంచుకు గోరు మందం కింద, పెన్సిలుతో సన్నటి గీత దానంతటదే గీసేసింది. చిత్రిక తీసుకుని ఆ గీత దాకా చెక్క తీసేయడమే తరువాయి. ఆమె చిత్రిక ఎత్తింది, పీట కాళ్ళు గుర్తు తెచ్చుకుంది, దించేసింది. గీత చెరపడానికి మనసు రాలేదు. లోపలి పలక, ఎవరు చూస్తారులే అనుకుంది.

అలాంటి బీరువా ఆమె అంతకుముందు చేయలేదు. ఒక సొరుగు మూస్తే లోపలి గాలి ఇంకో సొరుగును మెల్లగా బయటికి నెట్టేది. బావగారు వచ్చిన వాళ్ళందరికీ అది చేసి చూపించారు. చూపిస్తూ, "చెక్క నేనే ఏరి తెచ్చాను," అనేవారు. చేసిన చేతుల మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆమె విని పళ్ళు నూరుకుని, ఆకాశం వైపు చూసేది.

వాన మూడు రోజులు వదలకుండా పడింది. నాలుగోరోజు పొద్దున్నే తోటికోడలు ఫోన్ చేసింది. ఒక్క సొరుగూ రావడం లేదట. బావగారు గోడకు కాలు తన్నిపెట్టి లాగితే బీరువాయే గదిలో నడిచి వచ్చిందట. ఆమె చిత్రిక సంచీలో వేసుకుని, భర్తను వెంటబెట్టుకుని, చెప్పలేనంత సంతోషంగా బయలుదేరింది.

గుమ్మంలోనే ఆ సంతోషం ఆగిపోయింది. గదిలో ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్ళున్నారు, ఎవరో పెద్దాయన పనిముట్ల సంచీతో ఉన్నాడు.

"రామ్మా, రా. మా పెట్టెల మేస్త్రి ఘనకార్యం ఇదేనండీ," అన్నారు బావగారు. "అందుకే అసలు వడ్రంగిని పిలిపించాను. పని తెలియనివాళ్ళ చేతికి మంచి చెక్క ఇవ్వడం నాదే తప్పు."

ఈ దెబ్బ ఆమె ఊహించలేదు. ఆయన అడగలేదు, వేరేవాళ్ళను పిలిచారు. ఇక ఈ బీరువా ఈ వీధిలో ఆమె చేతకానితనానికి గుర్తుగా మిగిలిపోతుంది. కావాలనే చేశానని చెబితే ఎవరు నమ్ముతారు? పన్నెండేళ్ళ పని ఒక్క వానకు కొట్టుకుపోయేలా ఉంది.

అత్తయ్య మంచం మీద కూర్చుని అందరి పెదవులూ చూస్తోంది. తేమ తగలకూడదని ఆవిడ చెవి మిషను మూడో సొరుగులో పెట్టుకుంటుంది. అది లోపలే ఉండిపోయి రెండు రోజులైంది. ఆమెకు తల తీసేసినట్టయింది. బావగారికి తీసిన గోతిలో అత్తయ్య పడుతుందని ఆమె తలవనైనా తలవలేదు.

వడ్రంగి బీరువా తిప్పి, వెనక పలక మరలు విప్పాడు. మూలల్లో అతుకులను వేలితో తడిమి చూశాడు. లోపలి నుంచి చెక్క సుత్తితో తట్టితే కింది సొరుగు మూలుగుతూ బయటికి వచ్చింది. దాన్ని వెలుతురుకు పెట్టి పక్కపలక చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఎవరు చేశారండీ ఇది?"

"నేనే," అంది ఆమె.

"ఎండల్లో చేశారా?"

"అవును."

వడ్రంగి బావగారి వైపు తిరిగాడు. "పని తెలియనివాళ్ళు కాదు బాబూ. ఇలాంటి అతుకు నలభై ఏళ్ళుగా చేస్తున్నాను, నాకే పది సార్లలో ఏడు సార్లు కుదురుతుంది. ఇదిగో, ఎంత తీయాలో గీత కూడా గీసుకున్నారు. గీత దాకా తీయలేదు. తెలియనివాళ్ళు గీత గీయరు. మీరేం చేశారో ఏమో గాని, ఈవిడ కావాలనే చేశారు."

భర్త కిటికీ ఊచలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పన్నెండేళ్ళలో పని తెలిసినవాడి నోట ఆమె విన్న మొదటి మెప్పు అది. అదీ ఆమె చేసిన తప్పును పట్టిస్తూ దొరికింది. సిగ్గుపడాలో పొంగిపోవాలో తెలియక నిలబడి, చివరికి పొంగిపోయింది.

"ఏమంటున్నాడురా?" అని అడిగింది అత్తయ్య.

"ఏం లేదమ్మా," అని గొణిగారు బావగారు.

"ఆఁ?"

"అత్తయ్యకు వినపడలేదు బావగారూ," అంది ఆమె. "మిషను లోపల ఉంది కదా. గట్టిగా చెప్పండి."

ఇరుగుపొరుగు వాళ్ళు బావగారినే చూస్తున్నారు. ఆయన తల్లి చెవి దగ్గరికి వంగి, మైదానంలో వాడే గొంతు తీశారు.

"పని తెలియక కాదంటమ్మా. తెలిసే చేసిందంట."

"ఏం తెలుసంట?"

"పని. పని బాగా తెలుసంట."

"ఎవరికి?"

"మరదలికి." ఎదురింటి కిటికీ తెరుచుకుంది. "వడ్రంగికంటే బాగా తెలుసంట."

అత్తయ్యకు ఇప్పటికి అర్థమైంది. తర్వాత, తన గొంతు ఎంత పెద్దగా ఉందో తనకే తెలియని మనిషిలా, వీధికంతా వినపడేలా అంది. "అది నాకు ఎప్పుడో తెలుసు. నా పీట అంత బాగా చేసింది. కాళ్ళు కోసింది నువ్వు."

బావగారు నేల చూశారు. వడ్రంగి మిగతా సొరుగులూ తట్టి బయటికి తీశాడు, ఆమె సంచీలోంచి చిత్రిక తీసింది. "మీరు పట్టుకోండి బావగారూ, కదలకుండా," అంది. ఆయన చాప మీద కూర్చుని సొరుగు పట్టుకున్నారు. ముందు మూడోది, అత్తయ్య మిషను ఉన్నది, గీత దాకా తీసింది. తర్వాత రెండోది, కిందిది. చెక్క చుట్టలు చుట్టలుగా లేచి ఆయన ఇస్త్రీ చొక్కా మీద పడుతుంటే ఒక్కటి కూడా దులపనివ్వలేదు. "కదలకండి" అంటూనే ఉంది.

పై సొరుగు ఆయనది. ఈల, పతకాలు, సన్మానపత్రాలు అందులోనే. దాన్ని మాత్రం గీతకు చాలా ఇవతలే ఆపేసింది. వడ్రంగి అది చూసి తన సంచీ సర్దుకున్నాడు.

ఇప్పటికీ తొలి వాన పడితే పై సొరుగు బిగుసుకుంటుంది, ఆ ఇంటి నుంచి ఫోన్ వస్తుంది. చేసేది బావగారే. "వీలు చూసుకుని ఒకసారి రామ్మా, నీవల్లే అవుతుంది," అంటారు. ఆమె రెండు రోజులు ఆగి వెళ్తుంది. అత్తయ్య ఆమె చేసిచ్చిన కొత్త మెట్టుపీట మీద కూర్చుని చూస్తుంటుంది, బావగారు చాప మీద కూర్చుని సొరుగు పట్టుకుంటారు. పెట్టెల మేస్త్రి అన్న మాట ఆ ఇంట్లో మళ్ళీ వినపడలేదు. ఆమె చిత్రికతో రెండు సార్లు తీసి, వేలితో తడిమి చూసి, ఏటా గీతకు కొంచెం ఇవతలే ఆపుతుంది.