కొండ అడుగున ఇర్మె

బచేలిలో చలికాలం సాయంత్రం నాలుగున్నరకే వచ్చేస్తుంది. పడమట బైలాడిలా కొండ అడ్డంగా కూర్చుని, తక్కిన దేశమంతటికన్నా ముందే సూర్యుణ్ణి దింపేసుకుంటుంది. అందుచేత ఆ ఊళ్లో కొండను ఫోటో తీయదలచినవాడికి ఉదయం తప్ప గతి లేదనీ, ఆ ఉదయంలోనూ తొమ్మిది నిమిషాలు తప్ప పనికిరావనీ స్టూడియో చక్రధరరావు సిద్ధాంతం. ఈ సిద్ధాంతాన్ని ఆయన ఇరవై రెండేళ్లుగా పాస్‌పోర్టు ఫోటోకి వచ్చిన ప్రతివారికీ వినిపించాడు. గడ్డం పైకెత్తి, రెప్ప వేయకుండా కూర్చున్నవాళ్లు కనుక ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఆయన తండ్రి బొబ్బిలి దగ్గర నుంచి రైలెక్కి వచ్చి ఆ కొండమీది ఇనుపగనిలో చేరాడు. కొడుకు గనిలో చేరలేదు. బజారులో స్టూడియో పెట్టి, పొద్దంతా మొహాల మీద నీడ పడకుండా రెండువైపులా దీపాలు పెట్టి బతికాడు. ఆ నీడలన్నిటి కసీ తీర్చుకోవడానికన్నట్టు సెలవురోజుల్లో కొండ దగ్గరికి పోయేవాడు.

"కొండ నిలబడాలంటే దాని పాదాలు చీకట్లో ఉండాలి. అంతా వెలుగైతే అది కొండ కాదు, ఆరబెట్టిన గోనెసంచి" అనేవాడు. పైన ఎండ ఎంత బరువో కింద నీడ అంత బరువు తూగిన క్షణాన మీట నొక్కాలి. ముందు నొక్కినవాడు తొందరపాటు మనిషి, తర్వాత నొక్కినవాడు టూరిస్టు.

నిరుడు నవంబరులో ఆ క్షణం దొరికింది. ఆ ఫోటో టౌన్‌షిప్ తెలుగు సంఘం ఉగాది క్యాలెండరుకెక్కింది. శిఖరం మీద నారింజరంగు ఎండ, మధ్యలో లోయల గీతలు, అడుగున మద్దిచెట్ల నలుపు. మూడువందల వంటిళ్లలో ఆ కొండ మేకుకి వేలాడింది. పాలవాడు రాని రోజుల్ని గృహిణులు ఆ నలుపు కిందే గుర్తుపెట్టుకున్నారు. ఒక కళాకారుడికి బతికుండగా ఇంతకన్నా గౌరవం సాధారణంగా దక్కదు.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం హుంగా స్టూడియోకి వచ్చాడు. కొండ కింది బస్తీలో ఉంటాడు. కోంటా దిక్కు నుంచి కూలికొచ్చి, క్వార్టర్ల తోటల్లో పనిచేస్తూ ఇక్కడే నిలిచిపోయిన మనిషి. చెప్పులు బయట విడిచి, రెండు దీపాల మధ్య స్టూలు మీద కూర్చోకుండా పక్కనే నిలబడ్డాడు.

"నా పెండ్లాన్ని ఫోటో దీసినవంట గద సారూ."

"ఎవరూ?"

"ఇర్మె. వానకాలంల జరమొచ్చి పోయింది."

చక్రధరరావు అయ్యో అన్నాడు. అని, తను ఎవరినీ తీసినట్టు గుర్తులేదన్నాడు.

"కొండ కాడ దీసినవంట. పసుపుపచ్చ చీర గట్టుకున్నది, నెత్తిన గంప. ఆనాడు ఇంటికొచ్చి బస్తీ అంత జెప్పింది. స్టూడియో సారు నన్ను ఫోటో దీసిండు, పెద్ద మిషిన్‌తోని, చెట్ల కింద నిలబెట్టి మరీ దీసిండు అని. ఒకటే నవ్వుడు."

చక్రధరరావు గోడమీది క్యాలెండరుకేసి, కొండ అడుగునున్న నలుపుకేసి చూశాడు.

హుంగా చెప్పుకుపోయాడు. బుధవారం రాయి నిలబెడుతున్నారు. పోయినవాళ్ల పేరిట రాయి పాతి, దానిమీద వాళ్ల బొమ్మ వేయించడం వాళ్లలో ఉన్నదే. జగదల్‌పూర్ నుంచి బొమ్మలేసే ముకేష్ వచ్చి రాయంతా రంగులు వేశాడు. మొహం ఒక్కటే మిగిలింది.

"ఆధార్ కార్డు మీద ఉంటుంది కదా?"

హుంగా బొడ్లోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. ఇర్మె ఆ కార్డును పదేళ్లు చీరకొంగున ముడేసుకుని, చెమటలో, వానలో, ఇప్పపూల మధ్య మోసింది. పేరు మిగిలింది, నంబరు మిగిలింది. ఫోటో ఉండవలసిన చోట ఒక చెవి మిగిలింది.

"నువ్వు చెప్పొచ్చు కదయ్యా, ఎలా ఉండేదో."

"ఏం జెప్త సారూ. మంచిగుండేది. ముకేష్ భయ్యా ముక్కడుగుతడు, నొసలడుగుతడు. ఇరవై ఏండ్లు ఒక్క కంచంల తిన్నం గని ముక్కు ఇట్లున్నదని నేనెన్నడు సూడలే." కార్డును మళ్లీ కవరులో పెట్టాడు. "బిడ్డనేమొ నా పోలిక. మొదట్ల కండ్లు మూస్తే అగుపడేది. ఇప్పుడు అగుపడ్తలేదు సారూ. రోజుకింత పోతున్నది. ఆ ఫోటో ఒక్కటే ఉన్నది."

చూస్తానన్నాడు చక్రధరరావు.

జరిగిందేమిటంటే, నిరుడు ఆ తొమ్మిది నిమిషాల్లో అయిదోదాని దగ్గర, ఫోటో అడుగున ఎడమమూల ఒకే ఒక్క ఎండమరకలోకి పచ్చచీర మనిషి నడిచి వచ్చింది. వేలు అలవాటుగా నొక్కేసింది. తెర మీద చూసుకుంటే కొండ కనబడలేదు, ఆమె కనబడింది. శిఖరమంతా ఆమె వెనక కట్టిన తెరలా ఉంది. త్రాసు తలకిందులైంది. "ఏమ్మా, పక్కకి జరుగు! ఆ చెట్ల కిందకి పో!" అని ఆయన అరిచాడు. ఆమె నవ్వింది. నీడలోకి పోయి, గంప సర్దుకుని, ఆయనకేసి నిటారుగా నిలబడింది. ఫోటోకి నిలబడేవాళ్లు అలాగే నిలబడతారని ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్న మనిషికి ఆ పూట తట్టలేదు. ఆయన నొక్కాడు. తర్వాత, చెడిపోయిన మొదటి ఫోటోని అక్కడికక్కడే చెరిపేశాడు.

హుంగా వచ్చిన రోజు నుంచి స్టూడియో షట్టరు సగమే లేచింది. చక్రధరరావు క్యాలెండరు ఫోటోని కంప్యూటరులో తెరిచి, అడుగున ఉన్న నలుపును వెలిగించడం మొదలుపెట్టాడు. కెమెరాలో పెద్ద ఫైలుగా దాచి ఉంటే నీడలో మునిగినవి కొంత పైకి తేవచ్చు. మెమరీ కార్డు నిండిపోతుందని ఆయన చిన్న ఫైళ్లలోనే తీసేవాడు. అంచేత వెలిగించినకొద్దీ నలుపు బూడిదరంగయింది, బూడిదరంగు ఎర్రచుక్కలూ ఆకుపచ్చచుక్కలూ అయింది. పైన కొండ తెల్లబడి, పలచబడి, చివరికి ఆకాశంలో కలిసిపోయింది. బైలాడిలాను ఇంత సులువుగా ఖాళీ చేసినవాడు అంతకుముందు లేడు. అయినా చుక్కలు చుక్కలుగానే ఉన్నాయి.

చెరిపిన ఫోటో కోసం పాత కార్డును ఒక సాఫ్ట్‌వేరుతో తవ్వాడు. ఆ కార్డు మీద అప్పటికి రెండు పెళ్లిళ్లు, ఒక బారసాల జరిగిపోయాయి. ఒక పెళ్లికూతురి సగం జడ, ఒక అరిటాకు, తిరుగుతున్న ఫ్యాను బయటపడ్డాయి. ఆయన ఆ ఫ్యానుకేసి చాలాసేపు చూశాడు.

భార్య సుధారాణి క్యారేజీ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఏటండీ, మూడ్రోజులై ఆ నల్లమూలే గోకుతున్నారు. తెర చిరిగిపోద్ది."

"ఇక్కడ ఉంది సుధా. ఇదిగో, ఈ చుక్కల్లో ఉంది."

"ఉంటాది. ఎండలో ఉన్న మనిషిని చెట్ల కిందకి తరిమీసి, ఇప్పుడు జుట్టట్టుకు లాగితే వస్తాదేటి?" అంది. వెంటనే నాలిక కరుచుకుని, "అన్నం తినండి. ఉన్నమాట చెప్పీండి అతనికి" అంది.

ఉన్నమాట తప్ప మిగతావన్నీ ప్రయత్నించాడాయన. ఫోనులో ఒక యాప్ ఉంది. మసకమొహం ఇస్తే మంచిమొహం ఇస్తుంది. చుక్కల్ని దానికి ఇచ్చాడు. అర నిమిషంలో ఒక స్త్రీ వచ్చింది. కోటేరు ముక్కు, తీర్చిన కనుబొమలు, పళ్లపేస్టు ప్రకటనలోలాంటి చిరునవ్వు. చక్రధరరావుకి సిగ్గేసింది. అయినా ప్రింటు తీశాడు.

మంగళవారం పొద్దున్నే రెండు కవర్లతో బస్తీకి వెళ్లాడు. పొలంగట్టు పక్కన రాయి వెల్లకిలా పడుకుని ఉంది. ముకేష్ దానిమీద సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ, ఒక నెమలినీ, గంపనీ, కోడినీ వేశాడు. ఇర్మె ఎన్నడూ ఎక్కని సైకిలును, ఆమెకు లేని ఫోనును కూడా వేశాడు. ఈమధ్య అందరూ వేయించుకుంటున్నారట. వీటన్నిటి మధ్యా పచ్చచీర నిలబడి ఉంది. చీరపైన గుండ్రటి ఖాళీ.

హుంగా పరుగులాంటి నడకతో వచ్చాడు. "దొరికిందా సారూ?"

చక్రధరరావు మొదటి కవరు ఇచ్చాడు. హుంగా చేతులు పంచెకు తుడుచుకుని ఫోటో బయటకి తీశాడు. చాలా మర్యాదగా చూశాడు.

"బాగున్నది సారూ. ఎవలీమె?"

చక్రధరరావు దాన్ని తిరిగి తీసుకుని రెండుగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెండో కవరు ఇచ్చాడు. అది ఏ వెలుగూ పెంచని అసలు ఫోటో. హుంగా దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఏడున్నది?"

"ఇక్కడ." నలుపు మీద వేలు పెట్టాడు.

హుంగా ఆ వేలినే చూశాడు. అప్పుడు చెప్పాడు చక్రధరరావు. ఎండలో నిలబడిన సంగతి, తాను అరిచిన సంగతి, ఆమె జరిగిన సంగతి, చెరిపిన సంగతి. కొండ కోసం చేశాను హుంగా, అన్నాడు. ఆ మాట అక్కడ, కొండ ఎదురుగానే, చాలా చిన్నగా వినబడింది.

హుంగా గట్టు మీద కూర్చుని ఫోటోను ఒళ్లో పెట్టుకున్నాడు.

"పక్కకు జరగమంటే జరిగిందా?"

"జరిగింది."

"నీ మాట ఇన్నదా?" తల అడ్డంగా ఊపాడు. "నా మాట ఒక్కనాడన్న ఇనలే సారూ." నవ్వబోయాడు, అది నవ్వు కాలేదు. మొహం తుడుచుకుని, ఏదో తట్టినట్టు చటుక్కున లేచాడు. "అయితే ఎండల నిలబడంగ సూసినవ్ గద! ఆ మిషిన్ల నుంచి దగ్గరగ సూసినవ్. నువ్వే జెప్పు సారూ. ముకేష్ భయ్యా, సారు చెప్తడు, వెయ్యి!"

ముకేష్ కుంచె నీళ్లలో ముంచి, గోధుమరంగు అద్దుకుని, రాయి మీదికి వంగాడు.

"బతాయియే సార్. నాక్ ఎట్లా? లంబీయా, చపటీయా?"

కోలముక్కా, చప్పిడిముక్కా? చక్రధరరావు కళ్లు మూసుకున్నాడు. ఆ ఉదయం మొత్తం వచ్చింది. శిఖరం మీద ఎండ అంచు, మూడో లోయలో నీలినీడ, ఎడమమూల ఎండమరక, దాని ఆకారం, చీర పసుపు ఎంత మండిందో, దాన్ని తొలగిస్తే త్రాసు ఎలా నిలుస్తుందో కూడా వచ్చింది. గంప కింద మొహం ఉండవలసిన చోట ఏమీ రాలేదు.

"నవ్వింది" అన్నాడు.

"ఠీక్ హై. నాక్?"

"పళ్లు తెల్లగా ఉన్నాయి."

"సార్, నాక్."

హుంగా రాయిని చూడడం లేదు, కుంచెను చూడడం లేదు. చక్రధరరావు నోటికేసి చూస్తున్నాడు.