పుష్కరాల చెంబు

మా పక్కింటి మాస్టారు పోయారు. రాజమండ్రి ఆసుపత్రి నుంచి వాళ్ల చెల్లెలు ఫోన్ చేసేసరికి నేను రొయ్యపిల్లల ట్యాంకు దగ్గర మేత చల్లుతున్నాను. "అన్నయ్య వెళ్లిపోయాడండి. కాఫీ కావాలన్నాడు, తెచ్చేలోపలే..." అందావిడ. గుప్పిట్లో మేత అలాగే ఉండిపోయింది. చల్లాలో వద్దో కూడా తోచలేదు నాకు.

ఆయన గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చున్నాను. రాస్తే నా తప్పు కూడా రాయాలి. అది వదిలేసి ఆయన మంచితనం ఒక్కటే రాస్తే ఆయనే నవ్వుతారు.

మాది భీమవరం పక్కన పల్లెటూరు. మాస్టారు పాలిటెక్నిక్‌లో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాక మా పక్కింట్లో అద్దెకి దిగారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకండీ అని ఒకసారి అడిగితే, గుర్తు రాలేదమ్మా అన్నారు. జేబులో పెన్ను ఉండే చోట కరెంటు టెస్టరు ఉండేది. పొద్దున్నే లుంగీ ఆరేసే ముందు గాలి ఎటు వీస్తోందో చూసుకునేవారు, మా జనరేటర్ పొగ ఏ వైపు పోతుందో తెలియాలి కదా. ఒక్కనాడూ మా మీద విసుక్కోలేదు. "పొగ వచ్చిందంటే అక్కడేదో సగమే కాలిందన్నమాట. మనిషి కోపమూ అంతేనమ్మా" అనేవారు. మా ఆయన కేకలేస్తున్నప్పుడల్లా నాకు ఆ మాట గుర్తొచ్చి నవ్వొచ్చేది. దాంతో ఆయన కేకలు ఇంకా పెరిగేవి.

రెండేళ్ల కిందట ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటర్ మొరాయించింది. ట్యాంకులోకి గాలి పంపే పంపు ఆగిపోయింది. మెకానిక్ వచ్చేసరికి పిల్లలన్నీ అడుక్కి చేరిపోయాయి, తెల్లటి పొట్టులాగా. గట్టు మీద కూలబడి ఏడ్చాను. మాస్టారు వచ్చి ట్యాంకులోకే చూస్తూ నిలబడ్డారు. నీళ్లలో ఉండీ ఊపిరాడక చచ్చిపోయాయి చూడండి అన్నాను. "నీళ్లలోనే ఉందమ్మా వాటి ఊపిరి. విడదీసిచ్చేవాడు లేడు, అంతే" అన్నారు.

మర్నాటి నుంచే మొదలుపెట్టారు. డాబా మీద రెండు సోలార్ పలకలు, కింద అట్టపెట్టెంత యంత్రం. ఎండ వేడితో కాదమ్మా, ఎండ ఇచ్చే కరెంటుతో నీళ్లని రెండుగా విడదీస్తుందిది అని నాకు అర్థమయ్యేదాకా చెప్పారు. అందులో ఆక్సిజన్ గొట్టం గుండా మా ట్యాంకులోకి పోతుంది. హైడ్రోజన్ ఏమో గోబర్ గ్యాస్ డ్రమ్ములాంటి దాంట్లో నిలవ ఉంటుంది, నిండేకొద్దీ ఆ డ్రమ్ము పైకి లేస్తుంది. కరెంటు పోయినప్పుడు రెండో పెట్టెలో ఆ హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో మళ్లీ కలుస్తుంది. మంట లేదు, పొగ లేదు. కలిసేటప్పుడు కరెంటిస్తుంది, గొట్టం చివర నీళ్లు వదులుతుంది. ఆ రెండో పెట్టెనే ఫ్యూయల్ సెల్ అంటారట.

ఊళ్లో వాళ్లు దానికి బాంబు అని పేరు పెట్టారు. మాస్టారు ఏమీ అనుకోలేదు. అది పైకి పోయే గ్యాసండీ, నాలుగు గోడల మధ్య బంధిస్తేనే ప్రమాదం అని చెప్పి, డ్రమ్మును ఆరుబయటే పెట్టారు. పక్కన "ఇక్కడ చుట్ట కాల్చరాదు" అని బోర్డు రాశారు. ఆ బోర్డు తనకోసమేనని మా ఆయన వారం రోజులు మూతి ముడుచుకున్నారు.

మొదటిసారి ఆ సెల్‌తో చిన్న బల్బు వెలిగిన రోజు గొట్టం కింద తన స్టీలు గ్లాసు పెట్టారు. అడుగు తడిసేటన్ని నీళ్లు పడ్డాయి. "ఇవి ఇప్పుడే పుట్టాయమ్మా. ఏ కాలవలోనూ పారలేదు, ఏ కుండలోనూ నిలవలేదు. రుచి చూడండి" అన్నారు. యంత్రం వదిలిన నీళ్లు నేను తాగనండీ అన్నాను. ఆయనే తాగి, ఏ రుచీ లేదన్నారు, పాయసం తాగినంత సంతోషంగా.

ఇక పంపుకి తగిలించి చూడడమే మిగిలింది. అంతలో మరుసటేడు ఆషాఢం వచ్చింది. పెద్దాపురంలో మరిడమ్మ జాతరకి రమ్మని చెల్లెలు కబురు పెట్టింది. నాలుగు రోజుల్లో వస్తానమ్మా, పెట్టెలో నీళ్లు తగ్గితే ఈ క్యాన్‌లోవి పొయ్యండి అని బ్యాటరీ షాపులో కొన్న డిస్టిల్డ్ వాటర్ నా చేతికిచ్చి వెళ్లారు. మూడో రోజుకి ఆ క్యాను ఒరిగిపోయి నీళ్లన్నీ నేలపాలయ్యాయి. ఆదివారం, షాపు మూసేశారు. పెట్టెలో చూస్తే నీళ్లు గీత కిందకి దిగిపోయాయి. బోరు నీళ్లు ఉప్పన, పొయ్యకూడదని నాకూ తెలుసు. అప్పుడు దేవుడి గూట్లో రాగి చెంబు కనబడింది. పుష్కరాలకి రాజమండ్రి వెళ్లి తెచ్చి, మూతికి సీసంతో మాటు వేయించి దాచుకున్న గోదావరి నీళ్లు. ఇంట్లో ఎవరికైనా ఆఖరి ఘడియ వస్తే గొంతులో పోయడానికి ఉంచుకున్నవి. ఇంతకన్నా శుద్ధమైన నీళ్లు ఈ భూమ్మీద ఉన్నాయా అనుకున్నాను. మాటు ఊడదీసి, దణ్ణం పెట్టి మరీ పోశాను.

ఆయన వచ్చేసరికి యంత్రం మూలుగుతోంది, డ్రమ్ము లేవడం లేదు. జరిగింది చెప్పాను. ఆయన ఖాళీ చెంబు చేతిలోకి తీసుకుని మెట్టు మీద కూర్చున్నారు. లోపల మెంబ్రేన్ అని పల్చటి పొర ఉంటుంది. నదిలోని ఉప్పులూ చెంబులోని రాగీ దాన్ని పట్టేసి పాడుచేస్తాయట. అది చాలా సేపటికి గానీ చెప్పలేదు. ముందు అడిగింది వేరే.

"పుష్కరాల నీళ్లేనా?"

"అవునండి."

"అప్పట్నుంచీ దాచుకున్నారా?"

తలూపాను.

"అయితే నాకంటే మీకే ఎక్కువ పోయిందమ్మా" అన్నారు.

తిట్టినా బాగుండేది. ఆ రోజు అన్నం సయించలేదు నాకు.

కొత్త పొరకి ఆర్డరు పెట్టారు. విదేశం నుంచి రావాలి. నెలలు గడిచాయి. రోజూ సాయంత్రం గేటు దగ్గర నిలబడి కొరియర్ బండి కోసం చూసేవారు. అలా నిలబడే ఒకరోజు గుండె పట్టుకుని కూలిపోయారు. రాజమండ్రి తీసుకెళ్లారు. అయిదో రోజు ఆయనే ఫోన్ చేశారు. గొంతు పీలగా ఉంది. నా ఆరోగ్యం ఎలా ఉందన్నారు, పిల్లలు ఎదుగుతున్నాయా అన్నారు, ఆ తర్వాత అసలు మాట అడిగారు.

"పార్సిల్ వచ్చిందామ్మా?"

"వచ్చిందండి మాస్టారూ" అన్నాను.

రాలేదు. ఆయన గొంతు విని, రాలేదని చెప్పలేకపోయాను. "విప్పకండమ్మా, పొర ఆరిపోతుంది. నేనొచ్చాక విప్పుదాం" అన్నారు. ఆ మాటలో ఎంత సంతోషమో. ఆ మర్నాడే పోయారు. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఆఖర్న గొంతులో నీళ్లు పోశారా అని వాళ్ల చెల్లెల్ని అడగలేకపోయాను. పోయాల్సిన నీళ్లు నేనేం చేశానో నాకు తెలుసు కదా.

పెద్దకర్మ అయిన మర్నాడు పార్సిల్ వచ్చింది.

రెండు రోజులు దాన్ని దేవుడి గూట్లో ఖాళీ చెంబు పక్కనే ఉంచాను. మాస్టారి దగ్గర చదువుకుని ఇప్పుడు అదే పాలిటెక్నిక్‌లో పాఠం చెబుతున్న అమ్మాయి యంత్రం చూడడానికి వచ్చింది. పార్సిల్ ఇవ్వమంది. ఆయన వచ్చాక విప్పుదామన్నారమ్మా అన్నాను. ఆ అమ్మాయి నా మొహం కేసి చూసి, నెమ్మదిగా, "సార్ రారు కదండీ" అంది. అన్ని రోజులూ ఎవరూ నాతో అనని మాట అది. అప్పుడు ఏడ్చాను, గట్టిగా.

ఏడుపు తగ్గాక నేనే విప్పి ఇచ్చాను. తను పొర మార్చి, గొట్టాలన్నీ సబ్బు నీళ్లతో పరీక్షించి, రెండెండలు ఆగమని చెప్పి వెళ్లింది. మూడో రోజు వచ్చేసరికి డ్రమ్ము నిండా పైకి లేచి ఉంది. ట్యాంకులో కొత్త పిల్లలున్నాయి. మా ఆయన వద్దంటున్నా నా చేత్తో నేనే మెయిన్ ఆపాను. పంపు ఆగింది. ఆ అమ్మాయి స్విచ్చి నొక్కింది.

పంపు మళ్లీ అందుకుంది. జనరేటర్ మోత లేదు. ట్యాంకులో బుడగలు లేస్తున్న చప్పుడు నేను ఎప్పుడూ చెవిన పెట్టలేదు, ఆ రోజే విన్నాను. మా ఆయన చుట్ట తీసి, బోర్డు వైపు చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

గొట్టం చివర నీటి చుక్క ఊరింది. ఇంట్లోకి పరిగెత్తి రాగి చెంబు తెచ్చి కింద పట్టాను. ఖాళీ చెంబు కదా, మొదటి చుక్క అడుగున పడితే టంగుమంది. చేతులు నొప్పి పుట్టినా దించలేదు. ఇంకో చుక్క పడేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాను.