ఫేమియా చూపించిన బండ

ఎడారిలో, తోక గిలక్కాయలా మోగే గిలకపామును కనిపెట్టాలంటే చెవులు కాదు, కళ్లు కావాలి. గిలక మోగిందంటే మనం ఆలస్యంగా చూశామని అర్థం. మా ఆవిడ ఫేమియాకు గిలక వినాల్సిన అవసరం ఎప్పుడో గానీ రాదు. గొప్పకే చెబుతున్నాను. పెళ్లాం గురించి గొప్పలు చెప్పుకోకపోతే ఇంకెవరి గురించి చెప్పుకోను?

ఆమె మా ఊరి బడిలో వంటమనిషి. వారమంతా పిల్లలకు చిక్కుడు గింజలు ఉడికించి, రొట్టెలు కాల్చి పెడుతుంది. శనివారం వస్తే కర్ర, నీళ్ల సీసా పట్టుకుని కొండల్లోకి పోతుంది. పామును పట్టదు, చంపదు. చూసి వస్తుంది, అంతే. నేనూ కొన్నిసార్లు వెంట వెళ్లాను. ముళ్ల పొదల మధ్య నాకు రాళ్లు తప్ప ఏమీ కనిపించేవి కావు. ఆమె నా చొక్కా పట్టి లాగేది.

“ఏవయ్యా, ఆ నాగజెముడు కింద ఒకాయన పడుకున్నాడు. తొక్కకుండా పక్కకి రా.”

“ఎక్కడే? అక్కడున్నది రాయి!”

“రాయికి మూలలుంటాయయ్యా. గుండ్రంగా ఏముందో చూడు.”

అప్పుడు కనిపించేది. బూడిద రంగు చుట్ట, మధ్యలో తల, తోక మీద నలుపూ తెలుపూ పట్టీలు. నేను వెనక్కి జరిగేవాణ్ని. ఆమె మొహం మాత్రం చంటిపిల్ల నిద్రను చూసినట్టు మెత్తబడేది.

అయితే ఒక చోటికి మాత్రం నన్నెప్పుడూ తీసుకెళ్లలేదు. చలికాలంలో కొండ మీది పాములన్నీ ఒకే బండ చీలికలోకి దూరి పడుకుంటాయి. మార్చి మొదట్లో ఎండ తగలగానే బయటికొచ్చి ఒకదాని మీద ఒకటి పడి వెచ్చబడతాయి. అలాంటి చీలికను సొంతంగా కనిపెట్టినవాళ్లు మా పడమటి టెక్సస్‌లో చాలా తక్కువ. ఫేమియా కనిపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఎవరికీ చెప్పలేదు.

“కట్టుకున్న మొగుడికి కూడా చెప్పవా?” అని అలిగితే, “నీకు చెబితే రెండో బీరు కల్లా చెమాకి చెప్పేస్తావు” అనేది.

చెమా నా చిన్ననాటి నేస్తం. ఏడాదంతా వెల్డింగ్ పని, మార్చి వస్తే పాముల వేట. పక్క జిల్లాలో జరిగే పాముల సంతలో తూకానికి అమ్ముతాడు. అతని వేటలో కళ్లకు పెద్దగా పనిలేదు. చీలికలోకి గొట్టం పెట్టి పెట్రోలు కొడతాడు. ఆ ఘాటుకు ఊపిరాడక పాములు బయటికొస్తాయి. రాలేనివి లోపలే చస్తాయి. ఫేమియా అతనికి క్రిస్మస్‌కు మొక్కజొన్న పిండి తమాలేలు వండి పెడుతుంది గానీ, మార్చిలో మాత్రం పలకరించదు.

ఆ ఏడు తప్పు ఫేమియానే చేసింది. చీలిక ముందు బండ మీద ఒక పెద్ద పాము పడుకుని ఉంటే ఫొటో తీసింది. అంత అందమైనదాన్ని తనొక్కతే చూడలేక, పిల్లలు కూడా చూస్తారని బడి భోజనశాల గోడకు అంటించింది. పాములు వెతికేవాళ్లు, చోటు తెలిసిపోతుందని, ఫొటోలో కొండ అంచు పడనివ్వరు. అది నాకు నేర్పిందే ఆమె. పాము మురిపెంలో పడి, వెనకాల చూసుకోలేదు. కొండ కొమ్ములో ఉన్న గంటు స్పష్టంగా పడింది.

భోజనశాల తలుపు అతకడానికి వచ్చిన చెమా ఆ గంటును చూశాడు. సాయంత్రం మా వసారాలో కూర్చుని తొడ చరిచాడు.

“ఒరేయ్ రొహేలియో, మీ ఆవిడ ఖజానా దొరికిందిరా! రేప్పొద్దున్నే వెళ్తున్నా. మధ్యాహ్నానికి కొనేవాణ్ని పెట్టెలతో సహా కొండ కిందికి రమ్మన్నా.”

ఆ రాత్రి ఫేమియాకు చెప్పాను. లేచి కర్ర, నీళ్ల సీసా తీసి గుమ్మం దగ్గర పెట్టింది. తర్వాత, “పొద్దున నువ్వూ రా. సాక్షి కావాలి” అంది.

మా వేటగాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. నీ కళ్లతో నువ్వు కనిపెట్టిన చోటు నీది, ఏమైనా చేసుకో. ఎవరైనా తమ చోటును నీకు చూపిస్తే మాత్రం, బతికినంతకాలం అక్కడ చెయ్యి పెట్టకూడదు. చెమాకు ఇది వాళ్ల నాన్న నేర్పాడు. చేతిలో పైసా లేని ఏడు కూడా మేనమామ చూపించిన చీలిక వైపు చెమా వెళ్లలేదు. అలాంటివాడు కాబట్టే ఇన్నేళ్లు నాకు నేస్తంగా ఉన్నాడు.

తెల్లారేసరికి కొండ కింద మేమిద్దరం నిలబడ్డాం. చెమా పెట్రోలు డబ్బా, గొట్టం భుజాన వేసుకుని వచ్చాడు.

“దారి వదులు వదినా. కొండ నీది కాదు.”

“నాదని ఎవరన్నారు? రా, నేనే చూపిస్తా.”

చెమా నవ్వాడు. రెండడుగులు వేశాక నవ్వు ఆగిపోయింది.

“వద్దొద్దు! నాకు చూపించకు! నేనే వెతుక్కుంటా!”

అంటూ పక్క దారి పట్టుకుని ఎగబాకాడు. ఇక చూడాలి తమాషా! మూడు జిల్లాల్లో పేరున్న వేటగాడు నా పెళ్లాం వేలుకు అందకుండా పరిగెడుతున్నాడు. గంటు కింద ప్రతి బండనూ తడుముతున్నాడు. అంతవరకూ పెట్రోలుతో వెతికిన కళ్లకు ఏది రాయో ఏది పామో తెలియడం లేదు. ఫేమియా తొందరపడలేదు. ఆయాసపడుతూ, మోకాళ్లు పట్టుకుంటూ, తిన్నగా ఒక బండ దగ్గరికి వెళ్లి నిలబడింది. ఎండ అప్పుడే అక్కడ పడుతోంది. చెమా ఆ బండకు పది గజాల దూరంలోకి వచ్చేశాడు. ఇంకొంచెం ఆగితే తనే చూసేవాడు.

“చెమా!” అని కేకేసింది. “ఇదిగో!”

పేరు పెట్టి పిలిస్తే ఎవడైనా తల తిప్పుతాడు. తిప్పాడు. చూశాడు. నేనూ చూశాను.

బండంతా పాములే. బూడిదవి, గోధుమ రంగువి, మణికట్టంత లావువి, ఒకదాని మీద ఒకటి, ఎండలో కదిలీ కదలకుండా. ఒక్క గిలక కూడా మోగలేదు.

చెమా టోపీ తీసి నేలకేసి కొట్టాడు. “అన్యాయం వదినా! ఇంకో నిమిషం ఆగితే నాదయ్యేది!”

“అందుకే ఆగలేదు” అంది.

అతను డబ్బా దించి, దూరంగా గొంతుక్కూర్చున్నాడు. కోపం ఎంతోసేపు నిలవలేదు. “మా నాన్న కూడా ఇంత పెద్ద చోటు చూడలేదు” అన్నాడు మెల్లగా. “ఇన్నేళ్లూ ఒక్కదానివే చూశావా?”

ఫేమియా తలూపింది. ఏడుస్తోంది. ఆ చోటు తనొక్కదానిదిగా ఉన్నంతకాలమే ఆమెకు స్వర్గం. దాన్ని నిలబెట్టడానికి దాన్నే వదులుకుంది. ఎవరికి చూపించకూడదని ఇన్నేళ్లు దాచిందో, వాడికే చూపించింది. నాకు గుండె నిండిపోయింది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ రోజు వరకు నా పెళ్లాం కళ్లను చూసి గర్వపడేవాణ్ని. అవి ఆమెలో చిన్న భాగమేనని అప్పుడు తెలిసింది.

ముగ్గురం కొండ దిగేసరికి మధ్యాహ్నమైంది. కొనేవాడు ఖాళీ పెట్టెలతో లారీకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

“ఏం చెమా, దొరికిందా?”

చెమా వెనక్కి తిరిగి కొండ వంక కూడా చూడలేదు. పెట్రోలు డబ్బాను తన బండిలోకి విసిరేశాడు.

“ఏముందక్కడ? వట్టి రాళ్లు” అన్నాడు.